ఓటరు కంటికి నాయకుడు ఎలా కనిపిస్తాడు
(ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్ర విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

నేరుగా విషయంలోకి వస్తాను. 2023 డిసెంబర్ 3న తెలంగాణ శాసనసభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వం మారుతోందన్న వార్త చుట్టూనే ఆ రోజు చర్చంతా నడిచింది. కానీ మన సబ్జెక్టు చదివేవాళ్లు ఆగి చూడాల్సింది కామారెడ్డి ఫలితాన్ని.

అక్కడ బరిలో ముగ్గురు ముఖ్యులు ఉన్నారు. తొమ్మిదిన్నరేళ్లుగా ముఖ్యమంత్రిగా ఉన్న కె. చంద్రశేఖరరావు గారు గజ్వేల్‌తో పాటు ఇక్కడా నిలబడ్డారు. కొడంగల్‌లో పోటీ చేస్తున్న రేవంత్‌రెడ్డి గారు ఆయన మీద ఇక్కడ కూడా నామినేషన్ వేశారు. మూడోవారు బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గారు, గతంలో నిజామాబాద్ జిల్లా పరిషత్ చైర్మన్‌గా చేసిన స్థానికుడు. లెక్కింపు పూర్తయ్యేసరికి వెంకటరమణారెడ్డి గారు కేసీఆర్ గారి మీద 6,741 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రేవంత్‌రెడ్డి గారు మూడో స్థానంలో ఉన్నారు. అంటే దిగిపోతున్న ముఖ్యమంత్రీ, నాలుగు రోజుల్లో ప్రమాణం చేయబోతున్న ముఖ్యమంత్రీ ఇద్దరూ ఒకే మనిషి చేతిలో ఓడిపోయారు. పోనీ బీజేపీ గాలి వీచిందా అంటే, 119 సీట్లలో ఆ పార్టీకి వచ్చినవి 8.

నాయకత్వ లక్షణాలు అని మనం రాసుకునే పట్టిక ఉంటుంది కదా: దార్శనికత, వాక్చాతుర్యం, ధైర్యం, అనుభవం, జనాకర్షణ. ఆ పట్టిక ముందు పెట్టుకుని కామారెడ్డి ఓటరు మార్కులు వేసి ఉంటే ఫలితం ఇలా వచ్చేది కాదు. ఒకరు రాష్ట్రాన్ని సాధించిన ఉద్యమ నాయకుడు. ఇంకొకరు ఆ ఏడాది రాష్ట్రమంతా తిరిగి పార్టీని గెలుపు గుమ్మం దాకా తెచ్చిన నాయకుడు. మరి ఓటర్లు ఏం చూసినట్టు?

ఆ ఊరి సంగతి ఏడాది వెనక్కి వెళ్లి చూడాలి. 2022 చివర్లో కామారెడ్డి మున్సిపాలిటీకి కొత్త మాస్టర్‌ప్లాన్ ముసాయిదా వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల పంట పొలాలు కొన్ని అందులో ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయి. భూమి ఉన్నవాళ్లకు దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పేరు పడ్డ భూమిని కొనేవాడు ఉండడు, అందులో ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదు, కూతురి పెళ్లికని అమ్ముదామన్నా ధర పలకదు. అడ్లూర్ ఎల్లారెడ్డి లాంటి ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో కలెక్టరేట్‌ను ముట్టడించారు. చివరికి ఆ ముసాయిదాను పక్కన పెట్టారు. ఆ పోరాటం పొడుగునా వెంకటరమణారెడ్డి గారు ఆ రైతుల మధ్యే కనిపించారు. పది నెలల తర్వాత పోలింగ్ బూత్‌కు వెళ్లిన మనిషికి గుర్తున్నది అదే. గెలిచాక, 2024 జనవరిలో, రోడ్డు వెడల్పు పనికి అడ్డం వస్తోందని ఆయన తన సొంత ఇంటిని కూల్పించి ఆ స్థలం వదిలేశారు. అది ఎన్నిక తర్వాతి మాట, కాబట్టి గెలుపుకు కారణం అనలేం. కానీ అక్కడి వాళ్లు ఆయనలో ఏం చూసి ఓటేశారో అర్థం కావడానికి పనికొస్తుంది.

నేను ఆ పార్టీని పొగడడానికి గానీ, ఓడిన ఇద్దరినీ తక్కువ చేయడానికి గానీ ఇది చెప్పడం లేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఓటర్లకు నాయకత్వం అనేది మనిషిలో దాగి ఉండే ఒక స్థిరమైన గుణంగా కనిపించదు. తమకు అప్పటికి ఉన్న కష్టం ముందు పెట్టి చూస్తారు. ఆ కష్టం దగ్గర ఎవరు నిలబడి కనిపిస్తే ఆయన నాయకుడు. కష్టం మారితే అదే మనిషి అదే గుణంతో ఉన్నా వేరేగా కనిపిస్తాడు.

దీనికి చంద్రబాబు నాయుడు గారిని మించిన ఉదాహరణ తెలుగు నేల మీద నాకు కనబడదు. 1995 నుంచి 2004 దాకా ఆయన ముఖ్యమంత్రి. పరిపాలన, కంప్యూటర్లు, ఆకస్మిక తనిఖీలు, హైటెక్ సిటీ, దావోస్. ఆ రోజుల్లో ఆయన్ను ముఖ్యమంత్రి అనడం కన్నా సీఈవో అనడమే పత్రికలకు ఇష్టంగా ఉండేది. 1999లో జనం ఆ గుణాన్నే గెలిపించారు. 2004లో ఆ గుణం చెక్కు చెదరలేదు. కానీ మధ్యలో వరుస కరువులు వచ్చాయి. బోర్లు ఎండిపోయాయి, కరెంటు బిల్లులు కట్టలేని స్థితి వచ్చింది, రైతుల ఆత్మహత్యలు రోజువారీ వార్తలయ్యాయి. అప్పుడు అదే సామర్థ్యం ఎండిన బోరు పక్కన నిలబడ్డ రైతుకు తనకు దూరమైనదిగా కనిపించింది. 294 సీట్లలో టీడీపీకి వచ్చినవి 47. మళ్లీ పదేళ్లకు రాష్ట్రం విడిపోయింది. రాజధాని లేదు, ఆఫీసులు లేవు, లోటు బడ్జెట్. "ఇప్పుడు ఎవరు కట్టగలరు" అన్న ప్రశ్న ముందుకొచ్చింది. 2004లో బరువైన అనుభవమే 2014లో బలమైంది. 175లో 102 సీట్లు వచ్చాయి. 2019లో 23కు పడిపోయి, 2024లో 135కు లేచారు. ముప్పై ఏళ్లలో ఆ మనిషి తీరు అంత మారిందంటారా? నేననుకోను. ఓటరు అడిగిన ప్రశ్న మారుతూ వచ్చింది.

ఇక్కడ లెక్కల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే మన విశ్లేషకులు తరచూ పొరబడేది ఇక్కడే. సీట్లు చూసి "జనం ఫలానా నాయకుణ్ణి గుండెల్లోంచి తీసేశారు" అంటారు. 2004లో 47 సీట్లకు పడిపోయిన టీడీపీకి దాదాపు 37.6 శాతం ఓట్లు వచ్చాయి. 2019లో 23 సీట్లే వచ్చినప్పుడు 39 శాతం. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 నుంచి 11 సీట్లకు పడిపోయినప్పుడు కూడా దానికి 39 శాతం పైనే ఓట్లు ఉన్నాయి. అంటే ఎంత ఘోరంగా ఓడినా, ప్రతి పది మందిలో దాదాపు నలుగురికి ఆ నాయకుడు నాయకుడిగానే కనిపిస్తున్నాడు. మనం చర్చించే "ఓటరు అభిప్రాయం మారింది" అనే మాట నిజానికి నూటికి పది పదిహేను మంది గురించే. ఆ పది పదిహేను మంది ఎవరు, ఏం చూసి మారారు అన్నదే పరిశోధన చేయాల్సిన చోటు. మీలో ఎవరైనా రేపు పీహెచ్‌డీ చేస్తే దీన్ని ఎత్తుకోండి.

ఇంకో సంగతి. 2018 డిసెంబర్‌లో తెలంగాణ ఓటర్లు టీఆర్‌ఎస్‌కు 119లో 88 సీట్లిచ్చారు. నాలుగు నెలలకే లోక్‌సభకు ఓటేశారు. 17లో టీఆర్‌ఎస్‌కు 9, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 3, మజ్లిస్‌కు 1. ఓటర్లు వాళ్లే, నాయకులు వాళ్లే. హైదరాబాద్‌కు ఎవరు, ఢిల్లీకి ఎవరు అన్నవి వాళ్లకు రెండు వేర్వేరు ప్రశ్నలు, అంతే. చదువులేని ఓటరు గందరగోళపడి బటన్ నొక్కుతాడని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఈ లెక్క వాళ్లకు చూపించాలి.

సరే, ఓటరు కష్టాన్ని బట్టి చూస్తాడన్నాం. మరి ఎదుట ఉన్న మనిషి ఆ కష్టంలో నిలబడతాడని ఎలా నమ్ముతాడు? హామీలు అందరూ ఇస్తారు. మేనిఫెస్టో అచ్చువేయడానికి పెద్దగా ఖర్చు కాదు. అందుకే ఓటర్లు అభ్యర్థికి ఎంతో కొంత నొప్పి కలిగించిన పనిని వెతుకుతారు. తేలిగ్గా నటించలేనిది కావాలి వాళ్లకు. మన దగ్గర పాదయాత్రకు ఇంత విలువ అందుకే వచ్చింది.

2003 ఏప్రిల్ 9న వైఎస్ రాజశేఖరరెడ్డి గారు చేవెళ్లలో నడక మొదలుపెట్టారు. జూన్‌లో ఇచ్ఛాపురంలో ముగించారు. దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు. ఏ నెలలో నడిచారో గమనించండి. ఏప్రిల్, మే, జూన్. తెలుగు నేల మీద మధ్యాహ్నం గడప దాటడానికి జంకే నెలలు. మధ్యలో జబ్బుపడ్డారు, కోలుకుని మళ్లీ నడిచారు. కరువులో ఉన్న రైతు తన పొలం గట్టు మీద ఆ ఎండలోనే చెమటలు కక్కుతూ వచ్చిన మనిషిని చూశాడు. ఆ మనిషి అంతకు ముందే పాతికేళ్లుగా రాజకీయాల్లో ఉన్నారు, పీసీసీ అధ్యక్షుడిగా చేశారు, ప్రతిపక్ష నాయకుడిగా అసెంబ్లీలో గంటలకొద్దీ మాట్లాడారు. అవన్నీ కలిపి చేయలేని పని ఆ రెండు నెలల నడక చేసింది. 2004 మే 14న ఎల్‌బీ స్టేడియంలో ప్రమాణం చేసిన వెంటనే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. నడకలో విన్నదాన్ని పదవిలో గుర్తుపెట్టుకున్నాడు అని జనం ఆ రెండింటినీ ముడివేసుకున్నారు. ఆ తర్వాత ఎన్ని విమర్శలు వచ్చినా, అవి చిన్నవేమీ కావు, "మాట ఇస్తే నిలబడతాడు" అన్న ఆ ముడి చాలామంది మనసులో ఊడలేదు.

ఆ తర్వాత పాదయాత్ర మన రాజకీయాల్లో దాదాపు ఒక అర్హత పరీక్ష అయిపోయింది. చంద్రబాబు గారు అరవై దాటిన వయసులో, 2012-13లో 2,800 కిలోమీటర్లు నడిచారు. జగన్‌మోహన్‌రెడ్డి గారు 2017 నవంబర్ నుంచి 2019 జనవరి దాకా 3,648 కిలోమీటర్లు నడిచారు. షర్మిల గారు, భట్టి విక్రమార్క గారు, లోకేశ్ గారు అందరూ నడిచారు. మరి నడిచిన ప్రతివాళ్లకూ ఫలితం ఒకేలా రాలేదు. షర్మిల గారు తెలంగాణలో వేల కిలోమీటర్లు నడిచి, 2023 ఎన్నికల్లో తన పార్టీని పోటీకి దింపకుండానే ఆపేశారు. నడక ఒక్కటే సరిపోతే అలా జరగకూడదు. "ఈ మనిషి ఇక్కడే ఉంటాడా, మన ఊరికి మళ్లీ వస్తాడా" అన్న అనుమానం తీరనంత వరకు పాదాలకు పడ్డ బొబ్బలను జనం జాలిగా చూస్తారు, ఓటుగా మార్చరు. ఇది నా అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

సినిమా నటుల సంగతి అడుగుతారని తెలుసు. "తెలుగువాళ్లు రాముడి వేషం, కృష్ణుడి వేషం చూసి ఎన్టీఆర్‌కు ఓటేశారు" అనే మాట దేశమంతా వినిపిస్తుంది. వినడానికి సులువుగా ఉంటుంది, అందుకే నిలిచిపోయింది. 1978 నుంచి 1983 లోపు మన రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు: చెన్నారెడ్డి గారు, అంజయ్య గారు, భవనం వెంకట్రామ్ గారు, కోట్ల విజయభాస్కరరెడ్డి గారు. ఎవరిని ఉంచాలో, ఎవరిని తీయాలో ఢిల్లీలో తేలేది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో అందరి ముందూ అంజయ్య గారికి జరిగిన అవమానం ఊరూరా చెప్పుకున్నారు. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. "ఆత్మగౌరవం" అన్న మాట ఎన్టీఆర్ ఊరికే వెతికి పట్టుకున్నది కాదు, అప్పటికే జనం గొంతులో ఉన్నది. ఆయన పాత షెవర్లే వ్యాన్‌ను ప్రచార రథంగా చేసుకుని, ఖాకీ బట్టలు వేసుకుని, రోడ్డు పక్కనే స్నానం, ఆ వ్యాన్‌లోనే నిద్రగా నెలల తరబడి తిరిగారు. అరవైకి దగ్గరపడ్డ, ఇంట్లో దేనికీ లోటు లేని మనిషి. ఆ రోజుల్లో ఆయన్ను దగ్గరగా చూసిన వాళ్లకు వెండితెర దేవుడి కన్నా ఆ దుమ్ము కొట్టుకుపోయిన ముఖం ఎక్కువ గుర్తుండిపోయింది. 1983 జనవరిలో రెండు వందల పైచిలుకు సీట్లతో గెలిచారు.

ముఖం చూసే ఓటేస్తే ఆ ముఖం 1989లోనూ అదే కదా. ఆ ఏడాది టీడీపీకి 74 సీట్లే వచ్చాయి, ఎన్టీఆర్ స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. 1994లో అవే జనం 216 సీట్లిచ్చారు. చిరంజీవి గారు 2009లో పోటీకి దిగినప్పుడు ఆయన అభిమానులు తక్కువేమీ కాదు. వచ్చిన సీట్లు 18, సొంత ప్రాంతం పాలకొల్లులోనే ఓడిపోయారు. పవన్ కల్యాణ్ గారు 2019లో భీమవరం, గాజువాక రెండూ ఓడి, 2024లో పిఠాపురంలో గెలవడమే కాక తన పార్టీ నిలబడ్డ 21 చోట్లా గెలిపించుకున్నారు. ఓడిపోయాక ఐదేళ్లు రాజకీయాల్లో ఉండడం ఆయన విషయంలో జనం చూసినదాంట్లో పెద్ద భాగం అనుకుంటాను. పొత్తు కలిసిరావడం మరో పెద్ద భాగం. రెండోదాన్ని మరిచి మొదటిదాన్నే చెప్పడం సరికాదు.

ముఖం అసలు పని చేయదా అంటే, చేస్తుంది. దీని మీద మంచి పరిశోధనలు ఉన్నాయి. 2005లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ టొడోరొవ్ బృందం అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫొటోలను జంటలుగా చూపించి, ఇద్దరిలో ఎవరు సమర్థుడిలా ఉన్నారని అడిగింది. చూసేవాళ్లకు ఆ అభ్యర్థులు ఎవరో తెలియదు. ఒక్క సెకను చూసి చెప్పిన జవాబు, పది ఎన్నికల్లో దాదాపు ఏడింటిలో గెలిచిన మనిషితో సరిపోయింది. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఇద్దరు పరిశోధకులు ఐదు నుంచి పదమూడేళ్ల పిల్లలకు ఫ్రాన్స్ అభ్యర్థుల ఫొటోలు చూపించి, "నీ పడవకు వీళ్లలో ఎవరు కెప్టెన్‌గా ఉండాలి" అని అడిగారు. పిల్లలు ఎంచుకున్నవాళ్లూ ఇంచుమించు అదే లెక్కలో నిజం ఎన్నికలో గెలిచినవాళ్లే. ఇంకో అధ్యయనంలో మెక్సికో, బ్రెజిల్ అభ్యర్థుల ముఖాలను అమెరికా వాళ్లకీ మన దేశం వాళ్లకీ చూపిస్తే, రెండు చోట్లవాళ్ల అంచనాలూ ఫలితాలతో బాగానే కలిశాయి. సంస్కృతి వేరైనా "నాయకుడి ముఖం" అనే బొమ్మ మనుషుల మనసులో ఒకేలా ఉందన్నమాట.

నాకు ఇది కలవరం కలిగించే విషయమే. 2015 నుంచి మన ఈవీఎం బ్యాలెట్ మీద కూడా అభ్యర్థి ఫొటో ఉంటోంది. ఒకే పేరుతో డమ్మీ అభ్యర్థులను నిలబెట్టి ఓట్లు చీల్చే మోసాన్ని ఆపడానికి అది వచ్చింది, మంచి నిర్ణయమే. కానీ ఓటు వేసే ఆఖరి క్షణంలో ముఖం కంటి ముందు ఉంటుందని మనం మర్చిపోకూడదు. అభ్యర్థి గురించి ఏమీ తెలియని ఓటర్ల మీద ముఖం ప్రభావం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. పల్లెలో సర్పంచ్ అభ్యర్థి తాతముత్తాతల సంగతి కూడా ఊరందరికీ తెలుసు, అక్కడ ఫొటోకు పని తక్కువ. నగరంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ కార్పొరేటర్ పేరు తెలియని చదువుకున్న ఓటరే ముఖానికి సులువుగా లొంగిపోతాడు. ఊహించినదానికి ఇది తలకిందులు.

పల్లెకు వచ్చాం కనుక ఒక మాట. ఎన్నికల సమయంలో నేను ఊళ్లు తిరుగుతూ మాట్లాడుతుంటాను. ఒక టీ కొట్టు దగ్గర ఒక కౌలు రైతును "మీ ఎమ్మెల్యేలో మీకు నచ్చిందేంటి" అని అడిగాను. "ఫోన్ ఎత్తుతాడు సార్" అన్నాడు. అంతటితో ఆగలేదు. ఫోన్ తీసి ఎమ్మెల్యే పీఏ నంబరు చూపించాడు. వాళ్ల నాన్నకు రాత్రి గుండెనొప్పి వస్తే ఆ నంబరుకు చేశాడట. పీఏ ఎత్తి, పెద్దాసుపత్రిలో బెడ్ ఇప్పించి, తర్వాత ఎల్‌ఓసీ, అంటే వైద్యం ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి రాసిచ్చే హామీ పత్రం, ఇప్పించాడట. సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు కూడా వచ్చిందట. "మరి ఊళ్లో రోడ్డు వేయలేదు కదా" అన్నాను. "రోడ్డు ఇవాళ కాకపోతే రేపు వేస్తారు. ఆ రాత్రి మా నాయన పోతే తెచ్చిస్తారా" అన్నాడు. నేనేం మాట్లాడలేకపోయాను.

మన రాజనీతి శాస్త్రంలో దీన్ని పోషకుడు, ఆశ్రితుడు అనే సంబంధంగా చదువుతాం. ఆ మాటలతో ఆ రాత్రి కనిపించదు. ఆసుపత్రిలో బెడ్ ఎవరి సిఫారసూ లేకుండా దొరికే రోజు వస్తే ఆ రైతు ఎమ్మెల్యేలో వేరే గుణం వెతుకుతాడు. అది దొరకనంత కాలం ఫోన్ ఎత్తే గుణమే అతనికి పెద్ద నాయకత్వం. క్రిమినల్ కేసులు ఉన్న "గట్టోడు" గెలవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన తీర్పు పుణ్యమా అని కేసులు, ఆస్తులు, చదువు అన్నీ అఫిడవిట్‌లో రాయాల్సి వస్తోంది. 2018 నుంచి కేసుల వివరాలు పేపర్లో ప్రకటన కూడా ఇవ్వాలి. వివరాలు తెలియక ఓటేస్తున్నారని అనడానికి ఇక వీల్లేదు. స్టేషన్‌లో తన ఫిర్యాదు తీసుకోరని, తహసీల్దార్ ఆఫీసులో తన పాస్‌బుక్ కదలదని నమ్మిన మనిషికి, అక్కడికి వెళ్లి బల్ల గుద్దేవాడు కావాలి. దాన్ని నేను సమర్థించను. గట్టోడు ఇవాళ మన కోసం బల్ల గుద్దుతాడు, రేపు మన భూమి మీదకే వస్తాడు, అది జరిగిన ఊళ్లు ఉన్నాయి. కానీ ఓటర్లకు నీతులు చెప్పి ఈ సమస్య పోదు. ఆ స్టేషన్, ఆ ఆఫీసు మారాలి.

దొరకడం, అందుబాటు అనే గుణం ముఖ్యమంత్రి స్థాయిలో కూడా ఎంత బరువైనదో చూడండి. 2023కు ముందు కేసీఆర్ గారి మీద వినిపించిన ఫిర్యాదుల్లో "ఆయన దొరకరు" అన్నది గట్టిది. అదే మనిషి 2009 నవంబర్‌లో ఆమరణ దీక్షకు కూర్చున్నప్పుడు తెలంగాణ ఇంటింటికీ దగ్గరివాడు. రేవంత్‌రెడ్డి గారు ప్రమాణం చేసిన రోజే ముఖ్యమంత్రి అధికార నివాసమైన ప్రగతిభవన్ ముందున్న ఇనుప కంచెలు తీయించారు, దాని పేరు ప్రజాభవన్‌గా మార్చారు, మర్నాటి నుంచి అర్జీలు తీసుకోవడం మొదలైంది. ఏ ఫిర్యాదు మీద గెలిచామో కొత్త ప్రభుత్వానికి అంత స్పష్టంగా తెలుసు. ఆ తర్వాత ఎంత అందుబాటులో ఉన్నారన్నది మళ్లీ ఓటర్లే తేలుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా ఉన్న ప్రభుత్వంలో పింఛను వాలంటీరు చేతుల మీదుగా గడప దగ్గరికి వచ్చింది, మిగతా పథకాల డబ్బు నేరుగా ఖాతాలో పడింది. పేదలకు అది మేలు చేసింది, అందులో సందేహం లేదు. కానీ మధ్యలో ఎమ్మెల్యే, సర్పంచ్ కనుమరుగయ్యారు. కష్టం చెప్పుకుందామంటే మనిషి లేడు. డబ్బు అందుకోవడం వేరు, పలికే మనిషి ఉండడం వేరు అని 2024 ఫలితంలో కొంత భాగం చెబుతోందని నా అంచనా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఇంతసేపూ నేను చెప్పిన ఉదాహరణల్లో దాదాపు అందరూ మగవాళ్లే. ఓటరు మనసులో ఉన్న "నాయకుడి బొమ్మ" మగవాడిది. ఆ బొమ్మను మార్చవచ్చా? మార్చవచ్చని గట్టిగా చూపించిన అధ్యయనం మన దేశంలోనే జరిగింది.

పశ్చిమ బెంగాల్‌లో పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవుల్లో మూడో వంతు మహిళలకు రిజర్వ్ చేశారు. ఏ ఊరు రిజర్వ్ అవుతుందన్నది ఇంచుమించు లాటరీ లాంటిదే, కాబట్టి రిజర్వ్ అయిన ఊరినీ కాని ఊరినీ పోల్చి చూడొచ్చు. ఎస్తేర్ డూఫ్లో, రోహిణీ పాండే తదితరులు బీర్భూమ్ జిల్లాలో జనానికి ఒక గ్రామ నాయకుడి ప్రసంగం రికార్డింగ్ వినిపించారు. మాటలు ఒకటే. కొందరికి మగ గొంతుతో, కొందరికి ఆడ గొంతుతో. ఎప్పుడూ మహిళా ప్రధాన్‌ను చూడని ఊళ్లలో మగవాళ్లు అదే ప్రసంగానికి ఆడ గొంతు ఉంటే తక్కువ మార్కులు వేశారు. మహిళా ప్రధాన్ పాలన చూసిన ఊళ్లలో ఆ తేడా పోయింది. "మీకు మగ నాయకుడు ఇష్టమా, ఆడ నాయకురాలు ఇష్టమా" అని నేరుగా అడిగితే మాత్రం అక్కడా మగవాడనే అన్నారు. ఇష్టం మారలేదు, అంచనా మారింది. రెండు దఫాలు రిజర్వ్ అయిన చోట్ల, తర్వాత జనరల్ అయిన సీట్లలో కూడా మహిళలు ఎక్కువగా నిలబడ్డారు, గెలిచారు. ఇంకో బాధాకరమైన సంగతి కూడా తేలింది. మొదటిసారి వచ్చిన మహిళా ప్రధాన్‌లు పనిలో మగవాళ్లకు తీసిపోకపోయినా, జనం వాళ్లకు తక్కువ మార్కులే వేశారు. రెండోసారి వచ్చిన మహిళలకు ఆ అన్యాయం జరగలేదు. మొదటామె దారి వేసి మాటలు పడింది, ఆ దారిన రెండో ఆమె నడిచింది.

మన రెండు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. సర్పంచ్ భర్తలు కుర్చీలో కూర్చుంటారని మనం విమర్శిస్తూనే ఉంటాం, అది నిజమే. నేను చూసిన ఒక ఊళ్లో మొదటి ఏడాది సర్పంచ్ నంబరు అంటే ఆమె భర్త నంబరే. ఎండాకాలం రక్షిత మంచినీటి మోటారు కాలిపోయింది. ఆయన ఊళ్లో లేడు. బిందెలతో ఆడవాళ్లు ఇంటి ముందుకొచ్చారు. ఆమె కొత్త మోటారు కోసం మండలం ఆఫీసులో సాయంత్రం దాకా కూర్చుని, తర్వాత ట్యాంకర్ వెంట వీధి వీధీ తిరిగింది. ఏ వీధిలో ఎవరికి రెండు బిందెలు తక్కువ పడ్డాయో రాసుకుంది. ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లు భర్త నంబరుకు చేయడం మానేశారు. మగవాళ్లకు ఇంకొంత కాలం పట్టింది.

2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ ప్రకారం, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన పూర్తయ్యాక శాసనసభల్లో, లోక్‌సభలో మూడో వంతు సీట్లు మహిళలకు వెళ్తాయి. అప్పుడు మొదటిసారి గెలిచే ఎమ్మెల్యేల మీద "ఈమెకేం తెలుసు" అన్న మాటలు కుప్పలుగా వస్తాయి. బీర్భూమ్‌లో మొదటి మహిళా ప్రధాన్‌లకు పడ్డ మార్కుల గురించి చదివిన మీరు అప్పుడు ఆ మాటలను తూచి చూడగలగాలి.

మీ విభాగం వాళ్లు ఈ సంవత్సరం చేపడుతున్న ఓటరు సర్వే గురించి ఒక అభ్యర్థన చేసి ఆపుతాను. "నాయకుడికి ఏ లక్షణాలు ఉండాలి" అని అడగకండి. నీతి, నిజాయతీ అని అందరూ రాస్తారు, దాంతో మనకేం తెలియదు. చివరిసారి మీకు ప్రభుత్వంతో పని పడినప్పుడు ఎవరికి ఫోన్ చేశారు, ఎత్తారా, పనైందా, ఎన్నాళ్లకైంది, ఏమైనా ఇవ్వాల్సి వచ్చిందా అని అడగండి. ఇంట్లో మగవాళ్లనీ ఆడవాళ్లనీ విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. జవాబులు వేరుగా వస్తాయి. ఇక మీ ప్రశ్నలు వింటాను.